ఎడమ పక్కన ఎర్రదీపం

గవరయ్య బాబాయి మోటారుసైకిలు వస్తోందంటే డైరీ ఫార్మ్ పేటలో మా సందు మొత్తానికి ముందే తెలిసిపోయేది. కుడివైపు తిరగబోతూ ఒకసారి హారన్ కొట్టేవాడు. ఎడమవైపయితే రెండుసార్లు. ఇంటి ముందు చోటు చాలక, కాళ్లతో నేలను తన్నుకుంటూ బండిని వెనక్కి జరిపేటప్పుడు మూడుసార్లు. సందులో మేకలు తప్ప ఎవరూ లేకపోయినా సరే, కొట్టవలసిన హారన్ కొట్టాకే కదిలేవాడు. అవి పడవల సంకేతాలు. రేవులో పడవలు నడిపేవాళ్లు తాము ఎటు మళ్లుతున్నదీ ఒకరికొకరు అలాగే చెప్పుకుంటారు. పెన్షను పుచ్చుకుని ఒడ్డెక్కినా ఆయన బొటనవేలికి ఆ అలవాటు పోలేదు.

ఆయన చాథం జెట్టీ నుంచి బాంబూఫ్లాట్‌కి జనాన్ని దాటించే ఫెర్రీకి సరంగుగా పనిచేశాడు. సరంగు అంటే పడవ మీద పెద్ద. చుక్కాని ఆయన చేతిలో ఉంటుంది. వాళ్ల నాన్న అప్పలకొండ, స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకి, భీమిలి దగ్గర పల్లె నుంచి వలలతో, పెళ్లాంబిడ్డలతో ఓడెక్కి ఈ ద్వీపానికి వచ్చి జంగ్లీఘాట్‌లో గుడిసె వేసుకున్నాడు. గవరయ్య అప్పటికి చంకబిడ్డ. "నాను తొలి అడుగేసింది ఓడ డెక్కు మీదేనంట. అందుకే నేల మీద సరిగ్గా నడవనని మీ పిన్ని దెప్పుతాది" అని నవ్వేవాడు.

పడవ మీద ఆయన ఎంత కచ్చితమో ఫెర్రీలో తిరిగిన వాళ్లందరికీ తెలుసు. నేను కాలేజీలో చదువుకునే రోజుల్లో ఒకసారి కళ్లారా చూశాను. ఎవరో పెద్ద ఆఫీసరు గాలి కోసం పడవ అంచు మీద ఎక్కి కూర్చున్నాడు. గవరయ్య కట్టుతాడు విప్పించలేదు.

"సాబ్, ఆప్ నీచే బైఠో. తబ్ బోట్ చలేగా."

ఆఫీసరు వినిపించుకోలేదు. గవరయ్య చుక్కాని వదిలేసి, ఆ గది గడపలో కూర్చుని బీడీ ముట్టించాడు. జనం గోల పెట్టారు. కొందరు గవరయ్యనే తిట్టారు. ఆయన బీడీ సగానికి వచ్చేసరికి ఆఫీసరు విసుక్కుంటూ కిందికి దిగాడు. అప్పుడు పడవ కదిలింది. ఆ రోజు నాకు క్లాసు పోయింది గాని, ఆ మనిషి మీద గౌరవం మాత్రం అలాగే ఉండిపోయింది.

అలాంటి మనిషి ఒడ్డు మీద మాత్రం పూర్తిగా వేరు. అల్లుడు మాయాబందర్‌కి బదిలీ అయిపోతూ వదిలేసి వెళ్లిన పాత మోటారుసైకిలు ఆయన చేతికి వచ్చింది. దాంతోపాటు ఒక హెల్మెట్టు కూడా వచ్చింది. అది ఆయన తల మీద ఉండగా నేను చూడలేదు. ఎప్పుడూ హ్యాండిలుకి వేలాడేది.

"బాబాయ్, హెల్మెట్టు పెట్టుకోరేం?" అని అడిగాను ఒకసారి.

"నాను పెట్టీసుకుంటే మీ పిన్ని రొయ్యలు ఎందులో తెత్తాది?"

వంగి చూస్తే నిజంగానే అందులో అరటాకు, ఆకులో రొయ్యలు. పక్కనే మెట్టు మీద కూర్చున్న వాళ్లావిడ నూకరత్నం మూతి తిప్పింది. "ఆ వాసన పట్టినాక ఇంక తలెట్టనిత్తాదేటి? టోపీ బాగుందమ్మా, బుట్టకన్నా నయం. కారదు."

నేను ఫిజిక్సు పాఠాలు చెప్పే మనిషిని. ఊరుకోలేకపోయాను. గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో పోతూ కిందపడితే రెండంతస్తుల మేడ మీంచి పడినంత దెబ్బ తగులుతుందని చెప్పాను.

"నాను ముప్ఫై దాటనమ్మా."

"ముప్ఫై అయితే ఒక అంతస్తు."

"ఒక్క అంతస్తేనా?" అని కాసేపు ఆలోచించి, "పరవాలేదులే పంతులమ్మా. నేల కదా. సముద్రంలో పడితే కాలానదు. నేల మీద పడితే లేత్తాం. నేల మీద మునిగిపోతామేటి?" అన్నాడు.

ఆయన తలకాయలో లెక్క అది. ప్రమాదమంతా నీళ్లలో ఉంది. నేల అనేది ఉద్యోగం అయిపోయాక విశ్రాంతిగా తిరిగే చోటు. ఈ ద్వీపాల్లో సముద్రం మీద బతికిన చాలామందికి ఆ లెక్కే ఉంది.

ఆ బండి లేకపోతే నూకరత్నం పిన్ని వ్యాపారం లేదు. తెల్లవారగానే జంగ్లీఘాట్ జెట్టీలో చేపలు కొని గారాచర్మ బజారులో అమ్ముతుంది. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన పని. ఇప్పుడు కుడి మోకాలు వాచి, బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సు మెట్లు ఎక్కలేదు. బండి వచ్చాక వెనక బుట్ట కట్టి, బుట్టకీ మొగుడికీ మధ్య ఇరుక్కుని కూర్చుని వెళ్లేది. "ఓడలో సామాన్ల గది నాదే" అనేది.

మరో పని కూడా ఆ బండి మీదే జరిగేది. అది మా పని. మా ఆయన ఆఫీసు మాయాబందర్‌లో. నెలకోసారో రెండుసార్లో వచ్చిపోతాడు. నాలుగేళ్ల మా చిన్నమ్మి వెళ్లే నర్సరీ, నేను పనిచేసే బడి ఒకే వేళకి గంట కొడతాయి. అందుకని గారాచర్మలో పిన్నిని దింపి తిరిగొచ్చి, గవరయ్య బాబాయి చిన్నమ్మిని పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని నర్సరీలో దింపేవాడు. చిన్నమ్మికి అదొక ఏనుగు అంబారీ. నేను గేటు పట్టుకుని నిలబడేదాన్ని. సందు చివర ఎడమకి తిరుగుతూ రెండు హారన్లు వినిపించేవి. రెండోది వినబడ్డాక గాని నా చెయ్యి గేటుని వదిలేది కాదు. వద్దని చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. చెబితే ఆ పెద్దాయనకి ఎలా ఉంటుందోనని రోజూ మానేసేదాన్ని.

ఆ వానాకాలం ముందు ఊళ్లో, జంగ్లీఘాట్ నుంచి గారాచర్మ వైపు పోయే దారిలో, నాలుగు రోడ్లు కలిసే చోట కొత్తగా సిగ్నల్ దీపాలు పెట్టారు. మొదటి వారం జనం సాయంత్రాలు పిల్లల్ని వెంటేసుకుని చూడ్డానికి వెళ్లారు. మేమూ వెళ్లాం. పోలీసులు చేత్తో చూపించి నేర్పారు. తర్వాత పోలీసు లేనప్పుడు ఎవరి ఇష్టం వాళ్లదైంది.

జులైలో ఒక ఉదయం, ముసురు. కొండ కనబడటం లేదు. గవరయ్య బాబాయి వెనక పిన్నిని, బుట్టని ఎక్కించుకుని నెమ్మదిగా ఆ కూడలికి వచ్చాడు. ఎడమ పక్క స్తంభం మీద ఎర్రదీపం వెలుగుతోంది. దాన్ని ఆయన చూశాడు. చూసి, అదే నడకలో, ఏ తొందరా లేకుండా, దీపాన్ని ఎడమకి ఉంచి ముందుకి సాగిపోయాడు.

కుడివైపు నుంచి ఒక గుమాస్తా స్కూటరు వచ్చింది. అతని కొడుకు ముందు నిలబడి హ్యాండిలు పట్టుకుని ఉన్నాడు. గుమాస్తా బ్రేకు వేశాడు. స్కూటరు తడిరోడ్డు మీద జారి, గవరయ్య బండి వెనక చక్రాన్ని తాకి ఆగింది. పెద్ద దెబ్బలేవీ కాదు. పిన్ని మోచెయ్యి గీరుకుంది. బుట్ట తిరగబడి చేపలు నాలుగు రోడ్లకీ పంచినట్టు పడ్డాయి. కాని ఆ పిల్లవాడి మూతి హ్యాండిలుకి కొట్టుకుంది. కిందిపెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది.

పోలీసు వచ్చి లైసెన్సు అడిగాడు. గవరయ్య బాబాయి చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ సంచీలో భద్రంగా చుట్టిన కాగితం తీసి, రెండు చేతులతో ఇచ్చాడు.

పోలీసు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "యే క్యా హై, చాచా?"

"లైసెన్స్ హై సాబ్."

"యే తో బోట్ కా హై!"

"హాఁ సాబ్. ఇత్నా బడా బోట్ కా. ఛోటా గాడీ నహీ చలేగా క్యా?"

పోలీసు నవ్వాపుకోలేకపోయాడట. అయినా బండి స్టేషనుకి తీసుకుపోయాడు. నవ్వులాట మాట కాదు; గవరయ్య నిజంగానే అలా అనుకున్నాడు. వందలమందిని నీళ్ల మీద దాటించవచ్చని సర్కారు రాసి ఇచ్చాక, ఇద్దరు మనుషుల్నీ ఒక బుట్టనీ నేల మీద దాటించడానికి వేరే పరీక్ష ఎందుకుంటుందని.

ఆ సాయంత్రం మా వసారాలో కూర్చుని జరిగింది చెప్పాడు. టీ ముట్టలేదు.

"ఎర్రదీపం చూశానంటున్నారు కదా బాబాయ్. మరి ఆగలేదేం?"

"రేవులోకి వచ్చేటప్పుడు ఎర్రదీపం ఎడమ పక్కనుండాల, పచ్చది కుడి పక్కనుండాల. ముసురులో దారి కనబడదు సూడు, అప్పుడు అదే గుర్తు. ఎడమ పక్కన ఎర్రదీపం కనబడితే ఇంక భయం లేదు, ఇంటికొచ్చేసినట్టే. పొద్దున్న ఆ వానలో అది కనబడేసరికి నా పేణానికి హాయిగా అనిపించింది పంతులమ్మా. సిగ్నలని బుర్రకి తెలుసు. సేతులికి తెలీలేదు."

తర్వాత, "ఆ గుంటడి పెదవి..." అని ఆగిపోయాడు.

మర్నాడు పొద్దున్న చిన్నమ్మి బూట్లు వేసుకుని మెట్టు మీద కూర్చుంది. బండి పోలీసు స్టేషనులో ఉందని చెప్పాను. "తాతని రమ్మను, నడిచి" అంది. తాత రాలేదు. కిటికీలోంచి చూసి లోపలికి వెళ్లిపోయాడు. నేను బడిలో బతిమాలుకుని ఆలస్యంగా వెళ్లే ఏర్పాటు చేసుకున్నాను. ట్యాంకు మీద ప్రయాణం ఆగిందని నా మనసులో ఒక బరువు దిగింది. ఆయన ముఖం చూసినప్పుడు మాత్రం ఇంకొకటి ఎక్కింది.

జరిమానా కట్టాక బండి ఇంటికొచ్చింది. కాని నడిపే హక్కు రాలేదు. ముందు లెర్నర్ లైసెన్సు తీసుకోవాలి, నెల దాటాక పరీక్షకి వెళ్లాలి. అప్పటిదాకా వెనక పిన్నిని ఎక్కించుకోకూడదు. ఆమె మళ్లీ బస్సుకి వెళ్లింది.

"ఏ మచ్లీవాలీ దీదీ, పీఛే జావో! పానీ గిర్‌తా హై!" అని, చేపల బుట్ట నీళ్లు కారుతున్నాయని, కండక్టరు రోజూ అరిచేవాడు.

"నీ ఇంట్లో కూర వండినప్పుడు పడలేదేటి ఆ పానీ?" అని ఆమె కూడా రోజూ అనేది. అంటూనే మెట్టు మీద మోకాలు పట్టుకుని ఆగిపోయేది. వెనక జనం తోసేవాళ్లు. బస్సు గారాచర్మ చేరేసరికి మంచి బేరాలు వెళ్లిపోయేవి. ఐసు కరిగిన చేపలు మధ్యాహ్నం దాకా మిగిలేవి.

రెండు వారాలకి ఆమె మాట తేల్చేసింది. "నీకు లైసెన్సు వత్తే సరి. రాకపోతే ఈ బుట్ట మానేత్తాను. ఇంక నావల్ల కాదు."

గవరయ్య బాబాయి ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, "దాని యాపారం నా మూలాన పోకూడదమ్మా. ఆ రూల్సేటో నాకు సెప్పు" అన్నాడు.

ఆయనకి తెలుగు చదవడం రాదు. హిందీ అక్షరాలు కూడబలుక్కుంటాడు. నేను నియమాలు చదివి చెబుతుంటే కళ్లు మూసుకుని వినేవాడు. ఎరుపు పడితే తెల్లగీతకి ఇవతలే ఆగాలి. పసుపు పడితే, గీతకి ముందు ఆగగలిగినవాడు ఆగాలి. పచ్చ పడ్డా ఎదర దారి ఖాళీగా ఉందో లేదో చూసుకునే కదలాలి. ఎదటివాడికి మనం కనబడుతున్నామని నమ్మెయ్యకూడదు. హెల్మెట్టు పెట్టుకోవడమే కాదు, గడ్డం కింద పట్టీ బిగించాలి. లేకపోతే దెబ్బకి ముందు అదే ఎగిరిపోతుంది.

"లైఫ్ జాకెట్టు తాడులాగ" అన్నాడు.

"అదే."

మాటలతో అడిగిన పరీక్ష ఆయన అనాయాసంగా దాటాడు. లెర్నర్ లైసెన్సు వచ్చింది. బండికి ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' అక్షరం అంటించారు. "సరంగు గారు ఎల్‌కేజీలో చేరినారు" అని సందంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. సీతాఫలం ఆకులు, నిమ్మ చెక్కలు వేసి పిన్ని హెల్మెట్టుని మూడు నీళ్లలో తోమింది. అయినా వాన పడ్డప్పుడు అందులోంచి కాస్త రొయ్యల వాసన వస్తూనే ఉండేది.

నెల దాటాక పరీక్షకి వెళ్లాడు. ఎనిమిది ఆకారంలో తిప్పాడు, ఏటవాలులో ఆపి మళ్లీ ఎక్కించాడు. తర్వాత సిగ్నల్ దగ్గరికి పంపించారు. కూడలికి ఇంకా దూరం ఉండగానే పచ్చ పోయి పసుపు పడింది. ఆగడానికి కావలసినంత చోటుంది. గవరయ్య బాబాయి ఆగలేదు. పైగా కొంచెం వేగం పెంచి దాటేశాడు.

"ఫెయిల్, చాచా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వారం తర్వాత మళ్లీ రండి."

ఆ రోజు ఇంటి అరుగు మీద పంచాయితీ జరిగింది. పిన్ని కత్తిపీట ముందేసుకుని కూరకి చేప కోస్తోంది. చిన్నమ్మి పిల్లికి కాపలా కాస్తోంది.

"పసుపు పడితే ఆగాలని మీరే నాకు అప్పజెప్పారు కదా బాబాయ్!"

"సెప్పినాను. కానీ పడవ కాలవ మధ్యలో ఉండగా ఇంజిను తగ్గించీకూడదమ్మా. నడక పోతే చుక్కాని పట్టదు. నీరు ఎటు తోత్తే అటు పోతాది. సగంలో ఆగినోడే మునుగుతాడు. దాటేసీడమే మేలు."

అది పడవ విషయంలో నిజమే. అందుకే మరీ ప్రమాదం. తప్పు మాటయితే కొట్టేయవచ్చు. వేరే చోట ఒప్పయిన మాటని ఎలా తీసేయడం? నేను సుద్దముక్క తెచ్చి సందులో గీతలు గీశాను. కంటికి దీపం కనబడ్డాక చెయ్యి కదలడానికి ఇంత దూరం, బ్రేకు పట్టాక పొడిరోడ్డు మీద ఇంత, తడిరోడ్డు మీద దానికి రెట్టింపు. స్కేలు బద్ద ఆయన వేళ్ల మధ్యనుంచి జారవిడిచి పట్టుకోమన్నాను, ఎంత ఆలస్యంగా పట్టుకుంటున్నాడో ఆయనకే తెలుస్తుందని. ఆయన శ్రద్ధగా అన్నీ చేశాడు. "బాగుందమ్మా" అన్నాడు. బండి మీద సందు చివరికి వెళ్లి వస్తూ, పసుపు దీపానికి బదులు చిన్నమ్మి తన పసుపు రుమాలు ఎత్తగానే మళ్లీ గీత దాటేశాడు.

పిన్ని కత్తిపీట మీంచి తలెత్తింది.

"ఓలయ్యా, ఉజ్జోగమంతా ఇలాగే సేసినావేటి? జెట్టీ కనబడ్డాక కూడా నడక పోద్దని ఎల్లిపోయేవోడివేటి? జెట్టీని గుద్దీసి, సాబుల్నందర్నీ నీళ్లల్లో పారబోసి, సలాం కొట్టీవోడివేటి?"

"జెట్టీ యేరు. జెట్టీ దగ్గిర అదే పనిగా తగ్గించుకుంటా రావాల."

"మరి ఆ తెల్లగీత ఏటనుకున్నావు? గట్టు కాదేటి అది? కాలవలోన ఉన్నావని నీకెవుడు సెప్పినాడు?"

చిన్నమ్మి రుమాలు ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. గవరయ్య బాబాయి బండి మీద కూర్చునే సుద్దగీతని చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఇంజిను ఆపి, బండిని నడిపించుకుంటూ వెళ్లి పెట్టేశాడు. కోపం వచ్చిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్న చూస్తే ఇంటి ముందు సందుకి అడ్డంగా, నా సుద్దగీత మీదనే, మందంగా సున్నం గీత గీసి ఉంది.

ఆదివారం అందరం సిప్పీఘాట్ వెళ్లాం. మేము బస్సులో, ఆయన ఒక్కడూ ఎల్ బోర్డు బండి మీద. అక్కడ వ్యవసాయ క్షేత్రం పక్క రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఒక పక్క కొబ్బరితోట, మరో పక్క బురదలో తెల్లకొంగలు. పిన్ని బోర్లించిన బుట్ట మీద కూర్చుని సిగ్నల్ అయింది. ఎరుపుకి తన పాత రవిక గుడ్డ, పచ్చకి అరటాకు, పసుపుకి చిన్నమ్మి రుమాలు. చిన్నమ్మి ఆమె చెయ్యి పట్టుకుని ఏది ఎత్తాలో ఆజ్ఞలు ఇచ్చేది.

ఇప్పుడాయన బండి రావడం వేరుగా ఉంది. రుమాలు లేవగానే యాక్సిలరేటరు వదిలేసేవాడు. బండి దాని బరువు మీద అది వచ్చేది. బ్రేకులు రెండూ కొంచెం కొంచెంగా పట్టుకుంటూ, గీత దగ్గరికి చేరేసరికి దానికి ముందు చక్రం ఆనిందా లేదా అన్నట్టు ఆపేవాడు. ఆపి ఎడమకాలు దించేవాడు. పడవని తాటి దుంగలకి తగిలీ తగలకుండా జెట్టీకి చేర్చడం నేను ఎన్నోసార్లు చూశాను. అదే ఇది.

"గీత దాటినావు" అంది పిన్ని ఒకసారి.

"దాటలేదే! సూడు, ఏలెడు దూరముంది."

"దాటినావు. సిగ్నల్‌తో దెబ్బలాడతావేటి? ఫైను!"

ఆ రోజు చిన్నమ్మి బండి దగ్గరికి పరిగెత్తి ట్యాంకు మీదికి చేతులు చాచింది. ఆయన ఎత్తుకున్నాడు గాని కూర్చోబెట్టలేదు. చంకన వేసుకుని కొంగల్ని చూపించడానికి తీసుకుపోయాడు.

రెండో పరీక్ష శనివారం పడింది. ఒంటిపూట బడి. పిన్నీ నేనూ చిన్నమ్మిని ఎత్తుకుని కూడలి దగ్గర బస్సు షెల్టరు కింద నిలబడ్డాం. చినుకులు మొదలయ్యాయి. ఇన్‌స్పెక్టరు రోడ్డుకి అవతల గొడుగు కింద ఎవరితోనో మాట్లాడుతూ మా వైపు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఆయన చూస్తున్నాడో లేదో మాకే తెలియదు.

గవరయ్య బాబాయి బజారు చుట్టి వస్తున్నాడు. అదే దారి, అదే ఎడమ పక్క స్తంభం, అలాంటి వానే. ఎర్రదీపం వెలిగింది. పిన్ని నా చెయ్యి పట్టుకుంది. చేపలు కోసే చెయ్యి; నా ఎముకలు నలిగాయి.

బండి వేగం తగ్గుతూ తగ్గుతూ వచ్చి, తెల్లగీతకి ఇవతల ఆగింది. ఎడమకాలు దిగింది.

అడ్డరోడ్డు ఖాళీ. ఎటు చూసినా బండి లేదు. వెనక ఒక జీపు వచ్చి ఆగి హారన్ మొదలుపెట్టింది. డ్రైవరు తల బయటపెట్టాడు. "అరే చాచా, చలో! కోయీ నహీ హై!"

ఆయన తిరిగి చూడలేదు. ఒక స్కూటరు ఆయన పక్కనుంచి జర్రున దాటిపోయింది. దాని వెనకే ఇంకొకటి. జీపువాడు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. అందరూ పోతున్నారు, పిచ్చివాడిలా వానలో నిలబడ్డది ఆయనొక్కడే. హెల్మెట్టు అంచునుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. బ్రేకు మీద వేళ్లు బిగిసి ఉన్నాయి.

"కదలకు. కదలకయ్యా. జెట్టీ అది" అని పిన్ని గొణుగుతోంది, ఆయనకి వినబడుతుందన్నట్టు.

ఎవరూ రాలేదు. ఏమీ జరగలేదు. ఎరుపు దాని వేళకి అది పోయింది, పచ్చ వచ్చింది. జీపు ఇంకా అరుస్తూనే ఉంది. గవరయ్య బాబాయి తల కుడికి తిప్పి చూసి, ఎడమకి తిప్పి చూసి, మళ్లీ ఒకసారి కుడికి చూసి, కుడిచెయ్యి బారుగా చాపి మలుపు చూపించాడు. అంతా పుస్తకంలో చెప్పినట్టే. ఆ తర్వాత ఒక్క హారన్ కొట్టాడు.

"సచ్చినోడా! మళ్లీ కొట్టినాడే!" అంది పిన్ని.

ఇన్‌స్పెక్టరు గొడుగు తిప్పాడు. అంతసేపూ చూస్తూనే ఉన్నాడని అప్పుడు తెలిసింది. బాబాయి బండి పక్కకి పెట్టి ఎదురుగా నిలబడ్డాడు. మేము రోడ్డు దాటి వెళ్లాం.

"హారన్ క్యోఁ బజాయా, చాచా? సామ్నే తో కోయీ నహీ థా."

"కుడికి తిరుగుతున్నానని చెప్పాను సాబ్" అన్నాడు ఆయన హిందీలో, తల వంచుకుని.

"చెయ్యి చూపించారు కదా."

"చెయ్యి రూలుకి సాబ్. హారన్ అలవాటుకి."

ఇన్‌స్పెక్టరు కాగితం మీద ఏదో రాశాడు. రాస్తూ అడిగాడు, "జీపువాడు అంత గోల చేస్తున్నాడే, వెళ్లిపోవాలనిపించలేదా?"

"అనిపించింది సాబ్. కాని దిగవలసినవాళ్లు దిగేదాకా, ఎక్కవలసినవాళ్లు ఎక్కేదాకా, పడవ గట్టు వదలదు."

ఇన్‌స్పెక్టరుకి ఆ మాట ఎంత అర్థమైందో తెలియదు. "పాస్" అన్నాడు. "లేకిన్ హారన్ కమ్ కరో, చాచా. ఆసుపత్రి దగ్గర అసలు వద్దు."

పిన్ని అక్కడే రోడ్డు పక్కన మోకాలు పట్టుకుని కూలబడింది. ఏడుస్తోందేమోనని వంగి చూశాను. నవ్వుతోంది. "ఇంక ఆ కండక్టరు ఎవుడితో దెబ్బలాడతాడో పాపం" అంది.

లైసెన్సు చేతికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. పిన్నికి కూడా ఒక హెల్మెట్టు కొన్నాడు. కొప్పు అడ్డం వస్తోందని ఆమె గొడవపెట్టింది. కొప్పు కిందికి దించి కట్టేదాకా ఆయన బండి స్టార్టు చెయ్యలేదు. మెట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. బీడీ సగానికి వచ్చేసరికి ఆమె తిట్టుకుంటూ కొప్పు దించింది. రొయ్యలకి వేరే డబ్బా వచ్చింది.

గారాచర్మలో ఆమెని దింపి తిరిగి వచ్చేవేళకి చిన్నమ్మి బూట్లతో మెట్టు మీద తయారుగా ఉంది. సున్నం గీత దగ్గర బండి ఆగగానే పరిగెత్తింది. ట్యాంకు మీద వద్దని చెప్పాలని మెట్టు దిగాను. ఈసారి చెప్పి తీరాలనుకున్నాను.

ఆయన ఇంజిను ఆపి బండి దిగిపోయాడు. జేబులోంచి వల అల్లే దారం ముక్క తీసి, చిన్నమ్మి తల చుట్టూ నుదుటి మీదుగా తిప్పి, కొలత దగ్గర ముడి వేశాడు.

"ఇది వైజాగు ఎల్లే ఓడలో మావోడికిచ్చి పంపుతాను పంతులమ్మా. ఇక్కడ గుంటలకి సరిపోయే టోపీలు లేవు. అన్ని కొట్లూ అడిగినాను."

"అది వస్తే తాతా, ట్యాంకు మీదేనా?" అంది చిన్నమ్మి.

"ట్యాంకు మీద ఇంకెప్పుడూ లేదమ్మా. అది పడవ అంచు. అక్కడ ఎవుల్నీ కూకోనివ్వను. వెనకాల, మీ యమ్మ పట్టుకుంటేనే."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు నడకే. ఓడొచ్చేదాకా నడకే."

చిన్నమ్మి మూతి ముడిచింది. ఆయన చిటికెనవేలు అందించాడు. కాసేపు చూసి పట్టుకుంది. ఇద్దరూ సందు ఎడమ అంచున నడుచుకుంటూ వెళ్లారు. నేను అలవాటు కొద్దీ గేటు పట్టుకుని నిలబడ్డాను. సందు చివర వాళ్లు ఆగారు. ఆయన ఏదో చెప్పాడు. చిన్నమ్మి అటూ ఇటూ తల తిప్పి చూసింది. ఎడమకి తిరగబోతూ, గొంతెత్తి సందంతా వినబడేలా "పాం!" అంది. ఒక క్షణం ఆగి మళ్లీ "పాం!" అంది.

నేను గేటు వదిలి లోపలికి వచ్చాను.